ఎముక ఎండిన కట్టె కాదు.. లోపల రోజూ జమా ఖర్చు

నిజామాబాద్: బాత్‌రూంలో కాలు జారితే తుంటి విరిగింది.. పెద్ద వయసు ఆడవాళ్లున్న ఇళ్లలో తరచూ వినబడే మాటే ఇది. వయసైంది కదా అని సరిపెట్టుకుంటారు. కానీ ఆ నష్టం చాలా ఏళ్ల ముందే మొదలై ఉంటుంది.

ఎముకలో రక్తం పారుతుంది, కణాలు పనిచేస్తుంటాయి. పెద్దవాళ్ల ఎముకల్లో ఏటా దాదాపు 10 శాతం పాతది పోయి కొత్తది వస్తుంది.

పాతదాన్ని తీసేసేవి ఆస్టియోక్లాస్టులు. ఇవి తెల్ల రక్తకణాల వంశం. కొన్ని కలిసిపోయి ఒక పెద్ద కణమవుతాయి. ఎముకకు అతుక్కుని యాసిడ్ వదిలి కాల్షియంను కరిగిస్తాయి. ఆ గుంటను పూడ్చేవి ఆస్టియోబ్లాస్టులు. ముందు కొల్లాజెన్ అనే ప్రోటీన్ పరుస్తాయి, తర్వాత దానిపై ఖనిజం పేరుకుంటుంది. తవ్వకం రెండు మూడు వారాల్లో అయిపోతుంది, పూడికకు మాత్రం మూడు నాలుగు నెలలు కావాలి. ఖర్చు ముందు, జమ తర్వాత. చిక్కంతా ఇక్కడే.

పని అయ్యాక కొన్ని ఆస్టియోబ్లాస్టులు తాము కట్టిన ఎముకలోనే చిక్కుకుపోతాయి. అవే ఆస్టియోసైట్లు. ఎముక కణాల్లో 90 శాతానికి పైగా ఇవే. ఎక్కడ బరువు పడుతోందో కనిపెట్టేవి కూడా ఇవే. బరువు పడని చోట తవ్వేయమని కబురు పంపుతాయి. మంచం పట్టిన మనిషి ఎముకలు పలచబడేది అందుకే. ఇక మజ్జలో, ఎముక పైపొరలో ఉండే మూలకణాల నుంచి కొత్త ఆస్టియోబ్లాస్టులు పుడతాయి. విరిగిన ఎముక అతుక్కోవడానికి అవి కావాలి.

ఆడవాళ్లలో ఈస్ట్రోజెన్ ఈ తవ్వకానికి బ్రేకు. నెలసరి ఆగాక ఆ బ్రేకు వదులవుతుంది.

బోధన్ వైపు చెరుకు కొట్టే కూలీల ఎముకలపై బరువు పడుతుంది, ఒంటికి ఎండ తగులుతుంది. బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఆ రెండూ తక్కువే. గంటల తరబడి చాట ముందు, నీడలోనే కూర్చోవాలి. ఎండ లేకుంటే విటమిన్ డి తయారు కాదు, అది లేకుంటే తిన్న కాల్షియం ఒంటికి సరిగా పట్టదు. కిటికీ అద్దం వెనక ఎండ దీనికి పనికిరాదు, ఇంటి వెనక వాకిట్లోనో డాబా మీదో కాసేపు చేతులకు, కాళ్లకు తగలాలి.

పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వులు సరేసరి. నెలసరి ఆగినవాళ్లు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవాళ్లు డెక్సా స్కాన్ అవసరమా అని డాక్టరును అడగాలి. మాత్రలు కూడా ఆయన చెప్పాకే వేసుకోవాలి.