ఓట్స్ వెంట వచ్చే చుట్టాలు

సీలియాక్ జబ్బున్నవాళ్లకు గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ చిన్నపేగును దెబ్బతీస్తుంది. మరి ఓట్స్? నిక్షేపంగా తినమని ఒకరంటే, వాసన కూడా చూడొద్దని ఇంకొకరంటారు. తిని కడుపుబ్బరం తెచ్చుకున్నవాళ్లు ఎవరి మాట నమ్మాలో తెలియక తికమక పడతారు. ఇద్దరి మాటకూ ఆధారం ఉంది.

◆ ఓట్స్ మొదట్లో పంట కాదు, కలుపు. గోధుమ, బార్లీ చేలల్లో పిలవని చుట్టంలా మొలిచి, ఆ విత్తనాలతోపాటే యూరప్ చేరాయి. చలికీ తేమకూ గోధుమ డీలా పడ్డచోట ఏపుగా పెరిగి సొంతంగా పంటయ్యాయి. రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ ఇలాంటివాటికి ‘ద్వితీయ పంటలు’ అని పేరు పెట్టాడు. ఆ సావాసం ఇప్పటికీ వదల్లేదు. నిరుడు బార్లీ వేసిన పొలంలోనే ఈ ఏడు ఓట్స్ వేస్తారు. కోత యంత్రం, లారీ, గోదాము అన్నీ ఉమ్మడే.

◆ ‘గ్లూటెన్ ఫ్రీ’ అని అచ్చు వేసుకోవాలంటే కిలోకు 20 మిల్లీగ్రాముల గ్లూటెన్ మించకూడదని మన దేశంలోనూ, అమెరికా, యూరప్‌లలోనూ నియమం. ఆ లెక్కన 50 గ్రాముల ఓట్స్‌లో ఉండదగ్గది 1 మిల్లీగ్రామే. ఒక్క బార్లీ గింజ పడితే చాలు, ఆ హద్దు దాటిపోతుంది! పైగా బార్లీ, ఓట్స్ గింజలు ఆకారంలో దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి జల్లెడకు అంత తేలిగ్గా దొరకవు. నిన్నటి గిన్నె హాయిగా అరిగి, అదే పొట్లంలోంచి తీసిన ఇవాళ్టి గిన్నె తిప్పలు పెట్టడంలో వింతేమీ లేదు.

◆ 2015లో అమెరికాలో ‘గ్లూటెన్ ఫ్రీ’ ముద్రతో అమ్మిన చీరియోస్ అనే ఓట్స్ అల్పాహారపు డబ్బాలను దాదాపు 18 లక్షలు వెనక్కి పిలిచారు. కాలిఫోర్నియాలోని లోడై ఫ్యాక్టరీలో ఓట్స్ పిండిలో గోధుమ పిండి కలిసింది.

◆ ప్రతిసారీ తప్పు చుట్టాలదే కాదు. ఓట్స్‌కు సొంతంగా ‘అవెనిన్’ అనే ప్రోటీన్ ఉంది. 2003లో నార్వే పరిశోధకులు సీలియాక్ ఉన్న 19 మంది పెద్దలకు కల్తీలేని ఓట్స్ రోజుకు 50 గ్రాముల చొప్పున 12 వారాలు పెట్టారు. ఎక్కువమంది తట్టుకున్నారు. ఒకరికి మాత్రం పేగు లోపలి నూగు దెబ్బతింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఓట్స్ ఎంత శుభ్రంగా ఉన్నా వాటిమీద ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయనివ్వరు. ఫిన్లాండ్‌లో మాత్రం సీలియాక్ ఉన్నవాళ్లు ఓట్స్ తినడం మామూలే.

◆ గ్లూటెన్‌కూ అవెనిన్‌కూ సంబంధం లేని బాధ కూడా ఉంది: పీచు. ఇడ్లీకి అలవాటైన పొట్టలోకి ఒక్కసారిగా పెద్ద గిన్నెడు ఓట్స్ దించితే గ్యాసు, ఉబ్బరం ఎవరికైనా రావచ్చు. కొద్దికొద్దిగా మొదలుపెడితే చాలామందికి అదే సర్దుకుంటుంది.

◆ ఇక మన వంటిల్లు. ఓట్స్‌ను అనుమానించే ముందు ఇంగువ డబ్బా తిప్పి చూడండి. అసలు ఇంగువ ఘాటుకు తట్టుకోలేం కాబట్టి పిండి కలిపి అమ్ముతారు. చాలా డబ్బాల్లో అది గోధుమ పిండో, మైదానో. మసాలా ఓట్స్ పొట్లం వెనకా ఓ కన్నేయాలి. పిండిమర సంగతి సరేసరి: పక్కింటివాళ్ల గోధుమలు ఆడించాక మన జొన్నలు పోస్తే, మొదట రాలేది రెండూ కలిసిన పిండే. కరకరలాడాలని ఓట్స్ దోశ పిండిలో గుప్పెడు బొంబాయి రవ్వ కలిపేవాళ్లూ ఉన్నారు. వాళ్లు తర్వాత ఓట్స్‌ను తిట్టుకోవడం మాత్రం అన్యాయం. బొంబాయి రవ్వంటే గోధుమే కదా!

◆ 2016లో వెలువడిన ఓ అధ్యయనం ప్రకారం సీలియాక్‌ను సూచించే యాంటీబాడీలు ఉత్తర భారతంలో పెద్దల్లో 1.23 శాతం మందిలో కనిపిస్తే, దక్షిణాదిన 0.10 శాతం మందిలోనే. మనవైపు ఈ పేరు అంతగా వినపడకపోవడంలో ఆశ్చర్యం లేదు. అనుమానం వచ్చినవాళ్లు చాలామంది ముందు చపాతీ మానేసి, ఆ తర్వాత రక్తపరీక్షకు వెళతారు. గ్లూటెన్ ఆపేస్తే పరీక్ష వెతికే యాంటీబాడీలు క్రమంగా తగ్గిపోతాయి. జబ్బున్నా లేనట్టే కనిపించవచ్చు. అప్పుడు డాక్టర్లే మళ్లీ కొన్ని వారాలపాటు రోజూ గోధుమ తిని రమ్మంటారు.