4.3 పస లేని అప్పీలు: కోర్టు నియమించిన న్యాయవాది బాధ్యత

శిక్ష పడిన పేద ముద్దాయి అప్పీలు చేయాలంటాడు. అతనికి కోర్టు నియమించిన న్యాయవాది రికార్డంతా చదివి, వాదించడానికి ఏమీ లేదని తేల్చుకుంటాడు. అప్పుడు ఆయన ఏం చేయాలి? పస లేని వాదనతో కోర్టు ముందుకు వెళ్లకూడదన్నది వృత్తి నియమం. కక్షిదారును నడిమధ్యలో వదిలేయకూడదన్నదీ వృత్తి నియమమే. ఈ చిక్కుకు అమెరికా సుప్రీంకోర్టు 1967లో ఆండర్స్ వర్సెస్ కాలిఫోర్నియా కేసులో ఒక మార్గం చూపింది.

గంజాయి కలిగి ఉన్న నేరానికి ఆండర్స్‌కు శిక్ష పడింది. అప్పీలులో అతనికి ఇచ్చిన న్యాయవాది, ఇందులో పస లేదు కనుక వాదనపత్రం దాఖలు చేయనని కోర్టుకు లేఖ రాసి ఊరుకున్నాడు. మరో న్యాయవాదిని ఇమ్మంటే కోర్టు నిరాకరించింది. ఆండర్స్ తన వాదన తానే రాసుకున్నాడు, ఓడిపోయాడు.

ఇందులో తప్పేమిటో గమనించండి. డబ్బున్నవాడు తన పక్షాన మాట్లాడే లాయరును పెట్టుకోగలడు. పేదవాడి అప్పీలు మాత్రం కారణాలు చెప్పని ఒక్క లేఖతో దాదాపు ముగిసిపోయింది.

అందుకే సుప్రీంకోర్టు ఇలా చెప్పింది: న్యాయవాది రికార్డును నిజాయితీగా పరిశీలించాక, అప్పీలు పూర్తిగా నిస్సారమనిపిస్తే తప్పుకోవడానికి అనుమతి కోరవచ్చు. కానీ అప్పీలుకు కాస్తయినా ఆసరా కాగల అంశాలను రికార్డు నుంచి చూపుతూ వాదనపత్రం జతచేయాలి. దాని ప్రతిని కక్షిదారుకు అందజేసి, అతను చెప్పదలచుకున్నది చెప్పుకోవడానికి గడువివ్వాలి. ఆపైన కోర్టు తానే రికార్డంతా చూడాలి. వాదించదగిన అంశం ఏదైనా కనిపిస్తే, న్యాయవాది సాయం కల్పించాకే తీర్పు చెప్పాలి. ఈ పత్రాన్నే ‘ఆండర్స్ బ్రీఫ్’ అంటారు.

పస లేదంటూనే పస ఉండగల చోట్లు చూపమనడం విచిత్రమే. న్యాయవాది తన కక్షిదారుకు వ్యతిరేకంగా రాసినట్టవుతుందన్న విమర్శా ఉంది. ఐడహో రాష్ట్రం ఈ కారణంతో న్యాయవాది తప్పుకోవడాన్నే ఒప్పుకోదు. 2000లో స్మిత్ వర్సెస్ రాబిన్స్ కేసులో సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో, ఆండర్స్ పద్ధతి ఒక్కటే మార్గం కాదని, తగిన రక్షణ ఉంటే రాష్ట్రాలు వేరే పద్ధతి పాటించవచ్చని చెప్పింది.

మన దేశంలో ఈ సమస్య ఇదే రూపంలో లేదు. అయితే 1996లో బానీ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు, అప్పీలుదారు, న్యాయవాది ఇద్దరూ రాకపోయినా గైర్హాజరు కారణంగా క్రిమినల్ అప్పీలును కొట్టివేయరాదని, రికార్డు చూసి నిర్ణయించాలని తీర్పు చెప్పింది.

మీ అవగాహనను పరీక్షించుకోండి: న్యాయవాది లేఖ ఒక్కటే ఆండర్స్ కేసులో ఎందుకు సరిపోలేదు?