ఆఫీసు కంప్యూటరులో మన ఉత్తరాన్ని ఎవరు చదువుతారు?



మన పల్లెల్లో అనేక కుటుంబాల బిడ్డలు నేడు హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై వంటి పట్టణాలలో కంప్యూటరు ముందు కూర్చుని ఉద్యోగాలు చేస్తున్నారు. కొందరు సముద్రాలు దాటి వెళ్ళారు. ఇంటి దగ్గర నాన్నకు షుగరు పెరిగినా, చెల్లికి సంబంధం వచ్చినా, చేను తాకట్టు పెట్టవలసి వచ్చినా ఆ కబురు వెంటనే వారికి చేరుతుంది. చాలాసార్లు వారు ఆఫీసు కంప్యూటరులోనే దానిని చదువుకొని, అక్కడినుండే జవాబు రాస్తారు. ఆ ఉత్తరాన్ని మన బిడ్డ ఒక్కడే చదివాడని మనం అనుకుంటాము. అది నిజమేనా?

పూర్వం పోస్టుమాను తెచ్చిన కవరు అంటించి ఉండేది. మరొకరు విప్పితే ఆ ఆనవాలు తెలిసేది. ఈమెయిలును ఇతరులు చదివినా అట్టి ఆనవాలు ఏదీ కనబడదు.

కంపెనీ ఎట్లు చూడగలదు?

ఆఫీసువారు ఇచ్చిన ఈమెయిలు చిరునామాకు వచ్చే ప్రతి ఉత్తరం ఆ సంస్థ ఆధీనంలోని సర్వరు అనే కంప్యూటరు గుండా వస్తుంది. అక్కడ దాని నకలు నిలుస్తుంది. మన బిడ్డ తన తెరమీద దానిని చెరిపివేసినా ఆ నకలు మిగిలి ఉండవచ్చు. ఎవరు ఏ గంటకు ఏ వెబ్‌సైటు చూశారో కిరాణా కొట్టు పద్దులాగా నమోదు చేయవచ్చు. కొన్ని సంస్థలు తెరను మాటిమాటికీ ఫోటో తీసే ప్రోగ్రాములను, నొక్కిన ప్రతి అక్షరాన్ని దాచిపెట్టే ప్రోగ్రాములను కూడా వాడతాయి. అట్టిచోట సొంత ఈమెయిలు తెరిచినా దాగదు. 2020లో కరోనా వచ్చి ఇంటినుండి పని చేయడం పెరిగాక ఇట్టి ప్రోగ్రాముల వాడకం కూడా పెరిగింది. కూర్చున్నది మన ఇంట్లోనే అయినా ల్యాప్‌టాప్ కంపెనీదే గదా!

యజమాని పక్షాన కూడా ఆలోచించాలి. ఖాతాదారుల బ్యాంకు వివరాలు బయటికి పోకూడదు. వైరస్ వచ్చి యంత్రాలు పాడుకాకూడదు. జీతమిచ్చిన సమయంలో పని జరగాలి. మన పొలానికి కూలికి వచ్చినవారి పనిని గట్టుమీద నిలబడి చూస్తాము. దానిని ఎవరూ తప్పు పట్టరు. అయితే కూలివాని జేబులోని ఉత్తరం తీసి చదవము. మరి కంప్యూటరు విషయంలో ఆ హద్దు ఎక్కడ?

ఒక రుమేనియా ఉద్యోగి కథ

ఈ ప్రశ్న ఐరోపాలో ఒక పెద్ద న్యాయస్థానం వరకు వెళ్ళింది. రుమేనియా దేశపు రాజధాని బుకారెస్టులో ఒక ప్రైవేటు కంపెనీలో ఒక ఇంజనీరు అమ్మకాల విభాగంలో పని చేసేవాడు. ఖాతాదారులకు జవాబులిచ్చుటకు కంపెనీ కోరిక మీద అతడు యాహూ మెసెంజరులో ఖాతా తెరిచాడు. ఆఫీసు వస్తువులను సొంత పనులకు వాడరాదని కంపెనీ నియమం ఉన్నది. ఆ సంగతి అతనికి తెలుసు.

2007 జూలైలో 5వ తేదీ నుండి 13వ తేదీ వరకు కంపెనీ అతని సందేశాలను నమోదు చేసింది. పిలిచి అడిగితే, పని కోసమే వాడానని అతడు రాసి ఇచ్చాడు. అప్పుడు 45 పేజీల కాగితాలు అతని ముందు పెట్టారు. అందులో తన సోదరునితోను, తాను పెళ్ళాడబోయే అమ్మాయితోను మాట్లాడుకొన్న మాటలన్నీ ఉన్నాయి. కొన్ని మూడవ మనిషి వినకూడనివి. ఆగస్టు 1న అతని ఉద్యోగం పోయింది.

రుమేనియా కోర్టులు కంపెనీ చేసినది సరైనదే అన్నాయి. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గు నగరంలో ఉన్న ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం కూడా 2016లో మొదట అదే మాట చెప్పింది. కాని 2017 సెప్టెంబరు 5న అదే న్యాయస్థానపు 17 మంది న్యాయమూర్తుల ధర్మాసనం దానిని మార్చింది. 11 మంది అతని పక్షాన, ఆరుగురు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు.

వాడరాదని చెప్పడం వేరు, నీ మాటలను చదువుతాము అని ముందుగా చెప్పడం వేరు. ఈ భేదమే తీర్పుకు ప్రాణం. యజమాని కనిపెట్టి చూడకూడదని న్యాయమూర్తులు అనలేదు. ముందుగా తెలియజేశారా? తగిన కారణం ఉన్నదా? మాటలన్నీ చదవకుండా ఆ పని జరిగే మార్గం లేదా? ఇవి చూడాలన్నారు. అయితే పదేళ్ళ పోరాటానికి అతనికి దక్కినది కోర్టు ఖర్చుల క్రింద 1,365 యూరోలు మాత్రమే.

మన దేశంలో

ఆ తీర్పుకు 12 రోజుల ముందు, 2017 ఆగస్టు 24న, మన సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ప్రకటించారు. అయితే ప్రాథమిక హక్కులు ముఖ్యంగా ప్రభుత్వానికి హద్దులు పెడతాయి. ప్రైవేటు కంపెనీల సంగతి ప్రత్యేక చట్టాల మీద ఆధారపడుతుంది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం చేసింది. దశలవారీగా అమలు చేయుటకు 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి. అయితే ఉద్యోగ అవసరాలకు, సంస్థను నష్టం నుండి కాపాడుకొనుటకు ఉద్యోగి సమ్మతి లేకుండానే అతని వివరాలను వాడుకొనే వీలు ఆ చట్టం యజమానికి ఇచ్చింది. కాబట్టి మన బిడ్డల జాగ్రత్త మన చేతిలోనే ఎక్కువగా ఉన్నది.

మనం చేయదగినవి

1. ఉద్యోగంలో చేరిన దినమే సంతకం చేయించే ఇంగ్లీషు కాగితాలలో ఈ సంగతి ఉండవచ్చు. వాటిని చదివి, అర్థం కానిది అడిగి సంతకం చేయమని బిడ్డలకు చెప్పండి.

2. ఇంటి కబురు ఆఫీసు ఈమెయిలుకు పంపకండి. జబ్బు, అప్పు, పెళ్ళి మాటలు వారి సొంత ఫోనుకే పంపండి.

3. ఆ సొంత ఫోను కూడా ఆఫీసు వైఫైకి కలపకుండా వాడుకోవడం మంచిది.

4. ఆధారు, బ్యాంకు పాసుపుస్తకం ఫోటోలు కంపెనీ ల్యాప్‌టాప్‌లో దాచుకోవద్దని చెప్పండి. ఉద్యోగం మానిన దినాన అది తిరిగి ఇచ్చివేయాలి.

5. అడిగినప్పుడు నిజమే చెప్పమనండి. ఆ రుమేనియా ఉద్యోగి రాసి ఇచ్చిన అబద్ధం అతనికి మేలు చేయలేదు.

మనలో కొందరు పాఠశాలలు, ఆసుపత్రులు, దుకాణాలు నడుపుతూ పదిమందికి పని ఇస్తున్నారు. వారికి కూడా ఒక మనవి. కంప్యూటరును కనిపెట్టి చూడవలసిన అవసరం ఉంటే, ఏమి చూస్తారో, ఎందుకు చూస్తారో పనివారికి మొదటి దినమే వారి భాషలో చెప్పండి. చెప్పిన దానికంటె ఎక్కువ చూడకండి. మన బిడ్డల విషయంలో పైయజమాని ఎట్లు నడుచుకోవాలని కోరతామో, మన దగ్గర పని చేసే ఇతరుల బిడ్డల విషయంలో మనము అట్లే నడుచుకొందము.