సెలైన్ పెడితే లేస్తుంది, మళ్లీ పడిపోతుంది: కుక్కల్లో అడిసన్స్ జబ్బు

ఈ ఎపిసోడ్ ఒక రకం కుక్క గురించి. రెండు రోజులుగా వాంతులు, తిండి మానేసింది, నీరసం. డాక్టర్ సెలైన్ ఎక్కించారు, సాయంత్రానికి తోక ఊపింది. ఏదో చెత్త తినేసి ఉంటుందిలే అనుకున్నారు. మూడు వారాలకి మళ్లీ అదే కథ. ఇలా రెండు మూడుసార్లు జరిగిందని ఎవరైనా చెబితే, వెటర్నరీ డాక్టర్‌గా నాకు గుర్తొచ్చే జబ్బుల్లో అడిసన్స్ ఒకటి.

కిడ్నీల పక్కనే అడ్రినల్ అని రెండు చిన్న గ్రంథులుంటాయి. కుక్కలో ఎడమ పక్కది చూడ్డానికి అచ్చం వేరుశనగ కాయలా ఉంటుంది. ఇవి చేసే ముఖ్యమైన హార్మోన్లు రెండు. కార్టిసాల్ ఒంటికి ఒత్తిడిని తట్టుకునే శక్తినిస్తుంది. ఆల్డోస్టిరాన్ ఉప్పు, అంటే సోడియంని ఒంట్లో నిలిపి పొటాషియంని బయటికి పంపిస్తుంది. చాలా కేసుల్లో కుక్క సొంత రోగనిరోధక వ్యవస్థే ఈ గ్రంథుల మీద దాడి చేస్తుంది. వయసులో ఉన్న ఆడకుక్కల్లో కొంచెం ఎక్కువ. స్టాండర్డ్ పూడుల్ లాంటి కొన్ని జాతుల్లో ఇంకా ఎక్కువ.

ఆల్డోస్టిరాన్ లేకపోతే సోడియం మూత్రంలో పోతుంది, దాని వెనకే నీళ్లూ పోతాయి. బీపీ పడిపోతుంది, కిడ్నీలకి రక్తం సరిగ్గా అందదు. అప్పుడు రిపోర్ట్‌లో క్రియాటినిన్, యూరియా పెరిగి కనిపిస్తాయి. అసలు భయం ఇక్కడే. ఆ రెండు అంకెలే చూసి "కిడ్నీలు పోయాయి, ఇంకేం చేయలేం" అనేసుకుంటే, బతకాల్సిన కుక్కని వదిలేసుకున్నట్టే. అడిసన్స్ పక్కా పగటి వేషగాడు. ఒకరోజు కిడ్నీ జబ్బు వేషం, ఇంకోరోజు కడుపు జబ్బు వేషం.

అందుకే రిపోర్ట్‌లో సోడియం, పొటాషియం ఉన్నాయా లేదా చూడండి, లేకపోతే అడిగి చేయించండి. సోడియం అంకెని పొటాషియం అంకెతో భాగిస్తే 27 కంటే తక్కువ వస్తే అనుమానించాలి. ఇంకో గుర్తు ఉంది. షాక్‌లో ఉన్న కుక్క గుండె వేగంగా కొట్టుకోవాలి కదా? పొటాషియం పెరిగిన కుక్కకి నెమ్మదిగా కొట్టుకుంటుంది. అది ఎమర్జెన్సీ, రాత్రి రెండైనా సరే పరిగెత్తాలి. కొన్ని కుక్కల్లో మాత్రం కార్టిసాల్ ఒక్కటే తగ్గుతుంది, సోడియం, పొటాషియం నార్మల్‌గానే ఉంటాయి. కాబట్టి అవి బాగున్నాయని అడిసన్స్ కాదని తేల్చేయకూడదు.

తేల్చేది ఏసీటీహెచ్ స్టిమ్యులేషన్ టెస్ట్. ఒకసారి రక్తం తీసి, ఇంజెక్షన్ ఇచ్చి, గంట తర్వాత మళ్లీ తీస్తారు. కార్టిసాల్ పెరగలేదంటే గ్రంథులు పనిచేయట్లేదని. టెస్ట్‌కి ముందు ప్రెడ్నిసొలోన్ ఇస్తే రిజల్ట్ తప్పుగా రావచ్చు. ఇంట్లో ఆ మాత్ర వేసి ఉంటే డాక్టర్‌కి చెప్పేయండి, దాచకండి.

మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇంకోటి ఉంది. దురదకి స్టిరాయిడ్ మాత్రలు మొదలుపెడతారు, తగ్గింది కదా అని అదే చీటీతో మెడికల్ షాపులో కొని నెలల తరబడి వేస్తారు, ఒకరోజు టక్కున ఆపేస్తారు. బయటి నుంచి స్టిరాయిడ్ వస్తున్నంతకాలం అడ్రినల్ గ్రంథులు పని మానేసి ఉంటాయి. ఒక్కసారిగా లేవలేవు. అందుకే డోస్ మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఇది పిల్లులకీ వర్తిస్తుంది. అసలు అడిసన్స్ మాత్రం పిల్లుల్లో చాలా అరుదు.

జబ్బు ఖాయమైతే మందులు జీవితాంతం. రోజూ తక్కువ డోస్‌లో ప్రెడ్నిసొలోన్, ఉప్పు బ్యాలెన్స్ కోసం ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్రలు గానీ, సుమారు నెలకోసారి వేసే డీఓసీపీ ఇంజెక్షన్ గానీ. మీ ఊళ్లో ఏది దొరుకుతుందో డాక్టర్‌నే అడగండి. ఖర్చు ఉంటుంది, కాదనను. కానీ మందు తప్పకపోతే చాలా కుక్కలు మామూలు కుక్కల్లాగే పూర్తి ఆయుష్షు బతుకుతాయి.

దీపావళి టపాసులు, ఊరి ప్రయాణం, ఆపరేషన్, బోర్డింగ్‌లో వదలడం... ఇలాంటి రోజుల్లో మామూలు కుక్క ఒళ్లు కార్టిసాల్ ఎక్కువ చేసుకుంటుంది, వీటికి ఆ వీలు లేదు. ఆ రోజులకి ప్రెడ్నిసొలోన్ ఎంత పెంచాలో ముందే రాయించుకుని ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.