మీకు తెలుసా? వ్రేలికొన సోకిన పేలు తుపాకి

పాల్వంచ, భద్రాచలము ప్రాంతపు అడవులలో ఒకప్పుడు వేటకు వాడిన నాటుతుపాకి, మూతినుండి మందును గుండును కూరి దట్టింపవలసిన ఆయుధము. దానికి సామాన్యముగా మీట యొక్కటియే. బిగువైన మీటను లాగునప్పుడు గుఱి చెదరు ననియే, జర్మను పనివారు తమ యాగర్ అను వేట రైఫిళ్ళలో 'సెట్ ట్రిగ్గరు'ను అమర్చిరి. 18వ శతాబ్దిలో అది వలసవారితో అమెరికాకును చేరెను. ఈ అమరికకుండు జంటమీటలలో, సాధారణముగా వెనుకదానిని లాగినంత లోపలి స్ప్రింగు బిగిసి నిలుచును. పిదప ముందుమీటను వ్రేలికొన సోకిన చాలును, గుండు వెడలును. ఎంత రమణీయమైన శిల్పమో అంత ప్రమాదకరము గనుక, గుఱి కుదిరినగాని దానిని బిగింపరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము పాల్వంచ, భద్రాచలము సీమలో వన్యప్రాణుల వేట ఇప్పుడు నిషిద్ధము. అడవిదున్నలు సంచరించు అచ్చటి కిన్నెరసాని నేడు అభయారణ్యము.