ఊళ్లో చిన్న మిల్లు పెట్టాలనుకుంటే: 35 శాతం సబ్సిడీకి దరఖాస్తు ఎలా చేయాలి?

పండించిన వేరుశనగను బస్తాల్లో అమ్మేకంటే నూనె తీసి అమ్మితే, మిరపను కారం పట్టించి అమ్మితే, మామిడితో తాండ్ర చేసి అమ్మితే నాలుగు డబ్బులు ఎక్కువ మిగులుతాయని చాలామంది రైతులకు తెలుసు. మిషన్ కొనడానికి డబ్బెక్కడిది అన్నదే చిక్కు. దీనికోసం కేంద్ర ప్రభుత్వం 2020 జూన్‌లో పీఎంఎఫ్ఎంఈ పథకాన్ని తెచ్చింది. అంటే చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు సాయం చేసే పథకం. ఐదేళ్లకు 10,000 కోట్ల రూపాయలతో మొదలుపెట్టి, తర్వాత 2025-26 వరకు పొడిగించారు. కాబట్టి మీరు అడిగే నాటికి కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందుగా కనుక్కోండి.

యూనిట్‌కు అయ్యే అర్హమైన ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు సబ్సిడీ ఇస్తారు. మీరు కనీసం 10 శాతం సొంతంగా పెట్టుకోవాలి. మిగతాది బ్యాంకు లోను. ఒక కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. భూమి కొన్న ఖర్చును లెక్కలోకి తీసుకోరు.

సబ్సిడీ చేతికి రాదు

ఈ పథకంలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 35 శాతం డబ్బు ముందే మన ఖాతాలో పడుతుందని, దాంతో మిషన్ కొనుక్కోవచ్చని అనుకుంటారు. అలా జరగదు. ముందు బ్యాంకు లోను మంజూరు చేయాలి. ఆ తర్వాత వచ్చిన సబ్సిడీ మీ పేరు మీదే ఉన్న వేరే ఖాతాలో, బ్యాంకులోనే ఉంటుంది. లోను చివరి విడత ఇచ్చిన మూడేళ్ల తర్వాత కూడా మీ యూనిట్ నడుస్తూ, కిస్తీలు సరిగా కడుతూ ఉంటేనే ఆ డబ్బును మీ లోనులో జమ చేసుకుంటారు. మధ్యలో ఖాతా మొండి బాకీ అయితే ఆ సబ్సిడీని బ్యాంకు తన బాకీ కిందే సర్దుకుంటుంది. మీకు మిగిలేది మిగతా అప్పే.

కాబట్టి లెక్క వేసుకునేటప్పుడు సబ్సిడీ లేదనుకునే వేసుకోండి. ఒక ఉదాహరణ చూద్దాం. గానుగ నూనె యూనిట్‌కు 6 లక్షలు ఖర్చనుకుందాం. మీరు 60 వేలు పెడతారు, లోను 5 లక్షల 40 వేలు. వడ్డీ 11 శాతం, గడువు ఐదేళ్లు అనుకుంటే నెల కిస్తీ సుమారు 11,700 రూపాయలు. కరెంటు, కూలి, షెడ్డు అద్దె కలిపి నెలకు 15,000 అనుకుంటే మొత్తం 26,700. పప్పు ఖర్చు, సీసా ఖర్చు పోగా, చెక్క అమ్మిన డబ్బు కలుపుకొని కిలో నూనెకు 40 రూపాయలు మిగిలితే నెలకు దాదాపు 670 కిలోలు అమ్మాలి. రోజుకు 22 కిలోలు. ఇంత అమ్మితే మీకు లాభం లేదు, నష్టమూ లేదు. మీ ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో అంత నూనె కొనేవాళ్లు ఉన్నారా? ఈ ప్రశ్నకు జవాబు దొరికాకే ఆఫీసు గడప తొక్కండి. కిలోకు ఎంత మిగులుతుందన్నది మీ ఊరి ధరలతో మీరే వేసుకోవాలి, మిషన్ అమ్మేవాడి లెక్క నమ్మవద్దు.

ఇంకో సంగతి. 670 కిలోల నూనె తీయాలంటే ఒకటిన్నర టన్నుకు పైగా వేరుశనగ పప్పు కావాలి. మీ పొలంలో పండింది ఎన్ని నెలలకు సరిపోతుంది? తర్వాత బయట కొనాల్సిందే. సరుకు కొనే డబ్బుకు ఈ సబ్సిడీ వర్తించదు. దానికి విడిగా వర్కింగ్ క్యాపిటల్ లోను అడగాలి. ఇది అడగక మిషన్ వచ్చాక సరుకు లేక ఖాళీగా పెట్టుకునేవాళ్లు ఉంటారు. కిస్తీ మాత్రం ఆగదు.

బ్యాంకు ఏం చూస్తుంది?

దరఖాస్తు పీఎంఎఫ్ఎంఈ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో చేయాలి. వెబ్‌సైటు చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ అని ఉందో లేదో చూసుకోండి. అయితే నిర్ణయం జరిగేది బ్యాంకులో. మేనేజరు ముందుగా చూసేది మీ పాత అప్పుల చరిత్ర. మన దగ్గర రుణమాఫీ వస్తుందేమోనని పంట లోను రెన్యువల్ చేయించకుండా ఆపేసే అలవాటు ఉంది. మాఫీ సంగతి ఎలా ఉన్నా, గడువు దాటిన బాకీ సిబిల్ రికార్డులోకి ఎక్కుతుంది. పంట లోను, బంగారం లోను, ఎవరికో హామీ సంతకం పెట్టిన లోను, ఏది బకాయి ఉన్నా ముందు దాన్ని సరిచేసుకుని తర్వాత దరఖాస్తు పెట్టండి.

కాగితాలు పెద్దగా ఏమీ ఉండవు. ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంటు, మిషన్ల కొటేషన్లు, ప్రాజెక్టు రిపోర్టు, యూనిట్ పెట్టే చోటు మీదేననో, అద్దెకు తీసుకున్నామనో చూపే పత్రం. ఇల్లు నాన్నగారి పేరు మీద ఉంటే ఆయనతో అద్దె ఒప్పందం రాయించుకోండి. కొటేషన్ రెండు మూడు చోట్ల తీసుకోండి. లోను మంజూరు కాకముందే తొందరపడి వడ్డీకి తెచ్చి మిషన్ కొనవద్దు. ఇది లోనుతో ముడిపడిన సబ్సిడీ, లోను లేకపోతే సబ్సిడీ లేదు. నగలు కుదువపెట్టి అడ్వాన్సు ఇచ్చాక బ్యాంకు కాదంటే మీకు దారి ఉండదు.

కరెంటు గురించి కూడా ముందే ఆలోచించండి. బోరు మోటారుకు ఇచ్చిన వ్యవసాయ కనెక్షన్ మీద మిల్లు నడపకూడదు. వేరే సర్వీసు తీసుకోవాలి. త్రీఫేజ్ లైను, స్తంభాలు దూరమైతే ఆ ఖర్చు ఎంతో కరెంటు ఆఫీసులో అడిగి ప్రాజెక్టు ఖర్చులో చూపించండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. ఆహార భద్రత సంస్థ దగ్గర చిన్న యూనిట్లకు ఇచ్చే ప్రాథమిక రిజిస్ట్రేషన్‌కు ఏడాదికి ఫీజు 100 రూపాయలు. ఈ రెండింటికీ వేలకు వేలు అడిగితే ఇవ్వకండి.

దళారికి ఎందుకివ్వాలి?

ప్రాజెక్టు రిపోర్టు తయారు చేయడం, ఆన్‌లైన్‌లో ఎక్కించడం, బ్యాంకు చుట్టూ తిరగడంలో సాయం చేయడానికి ప్రతి జిల్లాకూ రిసోర్స్ పర్సన్లను పెట్టారు. లోను మంజూరైన ఒక్కో దరఖాస్తుకు వాళ్లకు ప్రభుత్వమే 20,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది. మీరు పైసా ఇవ్వనక్కర్లేదు. మీ లోను మంజూరైతేనే వాళ్లకు డబ్బు వస్తుంది కాబట్టి మొహమాటపడకుండా వెంటపడి పని చేయించుకోండి. వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు పోర్టల్‌లో జిల్లాల వారీగా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకాన్ని ఆహార శుద్ధి సొసైటీ చూస్తుంది. జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగినా ఎవరిని కలవాలో చెబుతారు. సబ్సిడీలో పది శాతం ఇస్తే పని చేయిస్తానని వచ్చేవాడికి నమస్కారం పెట్టి పంపించండి.

జిల్లాకు ఒక పంట లేదా ఉత్పత్తిని ఎంపిక చేసి దానికి ప్రాధాన్యం ఇస్తున్నారు. మీరు చేయాలనుకున్నది ఆ జాబితాలో లేదని ఎవరో చెప్పారని ఆగిపోకండి, రిసోర్స్ పర్సన్‌నే అడగండి.

ఇంట్లో ఆడవాళ్లు పొదుపు సంఘంలో ఉండి పచ్చళ్లు, పొడులు, అప్పడాలు చేస్తుంటే వాళ్లకు వేరే దారి ఉంది. ఆహార శుద్ధి చేసే సభ్యురాలికి 40,000 రూపాయల వరకు సీడ్ క్యాపిటల్ సంఘం ద్వారా వస్తుంది. చిన్న పరికరాలకు, సరుకుకు వాడుకోవచ్చు. అయితే సభ్యురాలు దాన్ని తిరిగి సంఘానికి కట్టాలి. ఆంధ్రాలో వెలుగు, తెలంగాణలో ఐకేపీ ఆఫీసులో అడగండి.

మీది తిండి సరుకు వ్యాపారం కాదా? విస్తరాకులు, కుట్టు మిషన్లు, మోటారు రిపేరు లాంటివైతే పీఎంఈజీపీ పథకం చూడండి. పల్లెల్లో మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలు లాంటి ప్రత్యేక వర్గాలకు 35 శాతం, సాధారణ వర్గం వారికి 25 శాతం సబ్సిడీ. కొత్త యూనిట్లకే ఇస్తారు. ఇప్పటికే వేరే ప్రభుత్వ సబ్సిడీ తీసుకున్న యూనిట్‌కు ఇవ్వరు. ఇందులోనూ సబ్సిడీ మూడేళ్లు బ్యాంకులోనే ఉంటుంది.

బ్యాంకు కాదంటే

దరఖాస్తు ఎక్కడ ఆగిందో పోర్టల్‌లో కనబడుతుంది. తిరస్కరిస్తే "చూద్దాం, మళ్లీ రండి" అన్న మాటతో ఇంటికి రావద్దు. కారణం రాతపూర్వకంగా అడగండి. కాగితం లోపమైతే సరిచేసి మళ్లీ పెట్టవచ్చు. మీ బాకీ కారణమైతే ముందు అది తీర్చాలి. కారణమే చెప్పకుండా నెలల తరబడి తిప్పుతుంటే రిసోర్స్ పర్సన్‌ను వెంటబెట్టుకుని జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరును కలవండి. దరఖాస్తు నంబరు, మీరు బ్యాంకుకు వెళ్లిన తేదీలు ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి.