రాయి కాగితే చాలదు... ముక్క లేతగా వుండాలి

హైదరాబాద్: రంజాన్ నెల రాత్రుళ్లలో చార్మినార్ పరిసరాల్లో నడిచేవారికి బొగ్గుల మీద నల్లరాతి పలకలు, వాటిపై చుయ్యిమంటూ కాలే పల్చని మాంసం ముక్కలు కనిపిస్తాయి. అదే ‘పత్తర్ కా గోష్త్’. పులుసూ లేదు, కూరా కాదు. ముక్కను ముక్కగానే కాల్చి తినే వంటకం కనుక పాశ్చాత్యుల స్టేక్‌కు ఇది మన నగరంలోని చుట్టమని చెప్పవచ్చు. బజారులో తిని మెచ్చి, ఇంట్లో చేయబూనినవారు చాలామంది ఒక్కసారితోనే మానుకోవడం పరిపాటి. కారణం తెలియనిది కాదు. ముక్క చెప్పుతోలులా సాగుతుంది.

కిలో పొట్టేలు మాంసం ధర కూలి మనిషి ఒకరోజు సంపాదనను మించిపోయిన కాలమిది. ఆదివారం చుట్టాలు వస్తారని ఆశపడి తెచ్చిన కిలో మాంసం పళ్లకు లొంగకపోతే ఇల్లాలికి కష్టమూ, ఇంటాయనకు నష్టమూ! కూర అయితే మరి నాలుగు కూతలు కూయించి మెత్తబరచవచ్చు. రాతి మీది ముక్కకు ఆ వీలు లేదు. ఎంతసేపు వుంచితే అంత బిగుసుకుంటుంది. కాబట్టి మెత్తదనమంతా పొయ్యి ఎక్కక ముందే సమకూరాలి.

వేట విడిదిలో పుట్టిందట!

ఈ వంటకం పుట్టుక గురించి నగరంలో ఒక కథ ప్రచారంలో వుంది. 1869 నుంచి 1911 వరకు పాలించిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వేటకు వెళ్లినపుడు వంటవారు కబాబు చువ్వలు తీసుకువెళ్లడం మరిచారట. ఏమి చేయాలో తోచక అక్కడున్న రాతి పలకనే కాచి దానిపై మాంసం కాల్చారట. ప్రభువుకు ఆ రుచి నచ్చిందట. కథలో నిజమెంత వున్నా, నగరం చుట్టూ వున్నవి రాతి గుట్టలే కనుక వంటవానికి రాయి వెతుక్కోవలసిన పని లేదన్నది మాత్రం వాస్తవం.

పళ్లు చూసి వయసు చెప్పవచ్చు

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు అత్యధికంగా వున్న రాష్ట్రం తెలంగాణ. ఆ లెక్కలో వాటి సంఖ్య 1.90 కోట్ల పైచిలుకు. ఇంత మంద వున్నా దుకాణంలో వేలాడేదంతా లేత మాంసం కాదు. ఈతలు ఉడిగిన ముసలి గొర్రె కూడా తోలు ఒలిస్తే పొట్టేలులాగే కనిపిస్తుంది. ఇక్కడే కొనేవారు కళ్లు తెరవాలి.

ఊళ్లలో నలుగురూ కలిసి జీవాన్ని కోయించి పోగులు వేసుకునేచోట వయసు తెలుసుకోవడం తేలిక. కింది దవడలో అన్నీ పాలపళ్లే వుంటే ఏడాది, ఏడాదిన్నర లోపు పిల్ల. రెండు పెద్ద పళ్లు వేస్తే ఆ వయసు దాటిందన్నమాట. ఎనిమిదీ వేస్తే నాలుగేళ్ల జీవం. అది కూరకు పనికివస్తుంది గాని రాతి మీదికి కాదు.

పట్నంలో పళ్లు చూసే అవకాశం వుండదు కనుక మాంసాన్నే చూడాలి. లేత మాంసం గులాబీ రంగులోనో, లేత ఎరుపులోనో వుంటుంది. ముదురు మాంసం నల్లని ఎరుపుకు తిరుగుతుంది. పోగులు సన్నగా వుంటే లేతది, మోటుగా తాళ్లలా వుంటే ముదురుది. కొవ్వు తెల్లగా, గట్టిగా వుండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. వీటన్నిటికంటె ముందు, కబేళాలో పశువైద్యుడు పరీక్షించినట్లు మున్సిపల్ ముద్ర వున్నదీ లేనిదీ గమనించాలి.

అన్ని భాగాలూ ఒకటి కావు

జీవం ఏ కండతో ఎక్కువ పని చేస్తుందో ఆ కండ గట్టిపడుతుంది. మెడ, ముందుకాలు, పిక్క ఆ కోవలోనివి. వాటిలో తెల్లని నారపొర ఎక్కువ. ఆ పొర నీటిలో నెమ్మదిగా ఉడికితే జిగురుగా కరుగుతుంది. పొడి వేడి తగిలితే బిగుసుకుపోతుంది. పాయాకు, పులుసుకు అవి శ్రేష్ఠం. రాతి మీదికి వెన్నుపూసల పక్క కండ, లేదా వెనక తొడ అడగాలి. వెనక తొడనే మన దుకాణాల్లో ‘రాన్’ అంటారు.

‘పసందాలు కొట్టివ్వండి’ అంటే పాతబస్తీ దుకాణదారులకు వేరే చెప్పనక్కరలేదు. ఎముక తీసి, పల్చగా, వెడల్పుగా కోసి ఇస్తారు. కోత పోగులకు అడ్డంగా పడాలన్నది ముఖ్యం. నిలువుగా కోస్తే పొడుగాటి దారాలు పంటికి చిక్కుతాయి. అడ్డంగా తెగితే నమిలేవారి పని సగం కత్తే చేసినట్లు. ఇంటికి తెచ్చాక పైపొరలు తీసి, చాకు వెనకవైపుతోనో, రోకలితోనో నెమ్మదిగా సాగగొట్టాలి. ముక్క పావు అంగుళం మందం వుంటే సరి.

తెచ్చిన పూటే వండరాదు

కోసిన కొన్ని గంటలకు కండలు బిర్రబిగుస్తాయి. ఆ సమయంలో కాల్చిన మాంసం ఎంత లేతదైనా గట్టిగానే వుంటుంది. మనవారు తెల్లవారుజామున కోసినది మధ్యాహ్నానికి వండేస్తారు. కూరకు చెల్లుతుంది గాని కాల్పుకు చెల్లదు. మూతపెట్టిన గిన్నెలో ఫ్రిజ్ కింది అరలో ఒకరోజు వుంచితే ఆ బిగువు సడలుతుంది. మాంసంలో సహజంగా వున్న ఎంజైములే పోగులను విడదీస్తాయి. వేడి ఆరీ ఆరకముందే మంచు గడ్డకట్టే అరలో పడవేయడం మాత్రం మంచిది కాదు. కరిగించిన తర్వాత ముక్క ముడుచుకుని మరింత గట్టిపడుతుంది. శనివారం కొని ఆదివారం వండుకోవడం అన్నివిధాలా మేలు.

బొప్పాయికీ హద్దుంది

మసాలా పెద్దదేమీ కాదు. అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చిమిర్చి, మిరియాల పొడి, గరం మసాలా, ఉప్పు, నిమ్మరసం. కొందరు కబాబ్‌చీనీ, రాతిపువ్వు కూడా నూరి కలుపుతారు. అసలు పనిమంతురాలు పచ్చి బొప్పాయి. దాని పాలలోని పపైన్ అనే పదార్థం మాంసపు పోగులను కొరికివేస్తుంది. పండిన కాయలో ఆ పాలు తగ్గిపోతాయి కనుక పచ్చి కాయనే, తొక్కతో సహా నూరాలి. అరకిలో మాంసానికి ఒక పెద్ద చెంచాడు చాలు. మూడు నాలుగు గంటలు నానితే సరిపోతుంది. ఎక్కువ వేస్తే మరీ మెత్తనవుతుందనుకోవడం భ్రమ. రాత్రంతా వుంచితే ముక్క పిండిలా చిదికిపోయి నోటికి రుచి తెలియదు.

రాయి విషయంలో జాగ్రత్త

రాయి రెండు మూడు అంగుళాల మందం వుండే గట్టి నల్లరాయి కావాలి. మందపు రాయి వేడిని పట్టి వుంచుతుంది కనుక చల్లని ముక్క పడినా వెంటనే చల్లారదు. నేలకు పరచగా మిగిలిన, రంగో మెరుగో పట్టించిన పలకలు తగవు. తడి రాయిని ఎట్టి పరిస్థితిలోనూ నిప్పు మీద పెట్టరాదు. లోపలి నీరు ఆవిరై రాయి పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదముంది. కడిగిన రాయిని బాగా ఎండనిచ్చి, తక్కువ సెగ మీద మొదలుపెట్టి ముప్పావు గంట కాచాలి. బొగ్గుల కుంపటిని తలుపులు మూసిన గదిలో వెలిగిస్తే వెలువడే విషవాయువు ప్రాణం తీస్తుంది. డాబా మీదనో, పెరట్లోనో పెట్టుకోవాలి. ఆ వసతి లేని ఇళ్లలో గ్యాసు పొయ్యి మీద మందపాటి ఇనుప పెనం పెట్టుకుంటే చాలు. రుచిలో పొగవాసన లోటు తప్ప మెత్తదనంలో తేడా వుండదు.

నీటిచుక్క వేస్తే ముత్యంలా దొర్లిపోవాలి. అప్పుడు రాయికి నెయ్యి రాసి, నాలుగైదు ముక్కలు మాత్రమే ఎడం ఎడంగా పరచాలి. ఒకేసారి అన్నీ గుమ్మరిస్తే నీరు వూరి కాల్పు కాస్తా ఉడుకు అవుతుంది. ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు. ఒక్కసారే తిప్పాలి. అట్లకాడతో అదిమితే రసం రాతిపాలు. లోపల పచ్చి లేకుండా చూసుకుని తీసి, రెండు నిమిషాలు ఆగి వడ్డించాలి.

పక్కన ఉల్లిచక్రాలు, నిమ్మచెక్క, వేడి రుమాలీ రొట్టె వుంటే మరేమీ అడగరు. ఖరీదైన మసాలాకన్నా, దుకాణం ముందు నిలబడి ‘ఏ భాగం, ఎప్పుడు కోసినది’ అని అడిగిన రెండు ప్రశ్నలే ముక్కను మెత్తబరుస్తాయి. వాటికి పైసా ఖర్చు లేదు. విస్తరి ముందు కూర్చున్న పళ్లూడిన తాత కూడా మరొక ముక్క వేయమన్నాడంటే ఆ ఆదివారం సార్థకమైనట్లే.